పీపా ద్వారం దగ్గర ఒకరు

పద్దు 1
సోమవారం

ఈ పుస్తకంలో ఎడమవైపు ఇంట్లోకి వచ్చినవి, కుడివైపు ఖర్చయినవి రాస్తాను. పెళ్ళయిన నాటి నుంచీ అదే అలవాటు. బియ్యం, పప్పు, ఉప్పు, నీళ్ళు, గాలి డబ్బాలు. మనుషుల సంగతి ఎప్పుడూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

ఈ రోజు గాలి కర్మాగారం నుంచి ఒక చీటీ వచ్చింది. మా మరిది సూరిబాబు వాడిన ముసుగు, చేతి తొడుగులు, గీకుడు పార తిరిగి జమ అయ్యాయని, గాలి డబ్బా ఒకటి ఖర్చయిందని అందులో ఉంది. సూరిబాబు గురించి ఏమీ లేదు. నా తోడికోడలు కుమారి చూడకముందే దాన్ని మడిచి పోపులపెట్టె కింద పెట్టాను. డబ్బా ఖర్చు రాసుకున్నవాళ్ళు మనిషిని రాయకపోతే ఇంకెవరైనా రాయాలి కదా. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

సూరిబాబు పోయిన గురువారం మూడో పీపాలో చనిపోయాడు.

ఈ జేగురుపేటలో పుట్టిన ఎవరికైనా పీపాలంటే తెలుసు. ఎర్రరాయిని వాటిలో పోసి కాలుస్తారు. రాతిలోంచి గాలి, కాస్త నీరు వస్తాయి. ఆ గాలే గొట్టాల్లో బజారుకీ బడికీ, డబ్బాల్లో మా ఇళ్ళకీ వస్తుంది. కాల్చగా కాల్చగా పీపా లోపలి గోడలకు చిట్టెం పట్టేస్తుంది. అప్పుడు పీపా చల్లార్చి, ముసుగు వేసుకుని, వీపున డబ్బా కట్టుకుని ఒక మనిషి లోపలికి దిగి గీకాలి. మరలు పెట్టి గీకితే పూత ఊడిపోతుందట. దుమ్ము బయటికి రాకుండా తలుపు మూస్తారు. డబ్బాలో గాలి అడుగంటగానే ముసుగులో సన్నగా ఈల వేస్తుంది. అది వేసుకున్నవాడికే వినిపిస్తుంది. వాడు మాటగొట్టంలో చెప్తే, ద్వారం దగ్గర నిలబడ్డ మనిషి చక్రం తిప్పి తలుపు తీస్తాడు. మా మామగారి రోజుల నుంచీ అలాగే జరిగింది.

పోయిన నెలలో ద్వారం దగ్గరి మనుషులను తీసేశారు. వాళ్ళ బదులు చెవులు పెట్టారు. చెవి అంటే గోడకు బిగించిన ఒక పెట్టె. లోపలి మనిషి చెప్పేది వింటుంది, జవాబు చెప్తుంది, తలుపు తీస్తుంది. మూడో పీపాకు చెవి పెట్టాక అందులోకి దిగిన మొదటివాడు మా సూరిబాబు.

వంటింటి గోడకు తగిలించిన డబ్బా ఈ రోజు మార్చాను. పాతది దించుతుంటే నాలుక చివరిదాకా మాట వచ్చింది. అనలేకపోయాను. కుమారి అక్కడే పీట మీద కూర్చుని ఉంది. ఆ మాట సంగతి తర్వాత రాస్తాను.

పద్దు 2
బుధవారం

క్షేమాధికారి వచ్చాడు. పేరు భార్గవ. కర్మాగారంలో చట్టం అమలవుతోందో లేదో చూడ్డం ఆయన పని. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెప్పులు బయట విడిచి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా చాప మీదే కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే మా వంతు నీళ్ళు మీకే ఉంచుకోండి అన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కోపగించుకోవడం తేలికయ్యేది.

చెవి దాచుకున్న మాటలు ఇంట్లోవాళ్ళకు వినిపించాలని చట్టంలో ఉందట. కుమారి వింటానంది. మా ఆయన వీర్రాజు గోడవైపు తిరిగి నిలబడ్డారు. భార్గవ మణికట్టుకున్న పెట్టె నొక్కాడు.

ముందు గీకుతున్న చప్పుడు. మధ్యలో సూరిబాబు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. తర్వాత చెవి గొంతు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతులా శుభ్రంగా ఉంది.

"గాలి ఎలా ఉంది?"

"నిండుకుందండీ."

"సంతోషం. పని కొనసాగించండి."

సూరిబాబు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "సంతోషం ఏంటండీ బాబూ. గాలి నిండుకుంది అంటన్నాను."

"గాలి నిండుగా ఉందని నమోదు చేశాను."

"అబ్బ, అది కాదండీ. తలుపు తియ్యండి."

"గాలి నిండుగా ఉండి, పని పూర్తికాకుండా తలుపు తీయడానికి అనుమతి లేదు. పని పూర్తయిందా?"

కొంతసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. పారతో తలుపును బాదాడు. తర్వాత గట్టిగా అరిచాడు. "బయట ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నాను, చెప్పండి," అంది చెవి.

కుమారి పెట్టె వైపు చూసింది. ఆ చూపు నేను రాయలేను.

ఇంకా ఉంది. మళ్ళీ చాలాసేపు ఊపిరి. చివర్లో ఒకే ఒక మాట, లోగొంతుకతో. మా ఇళ్ళల్లో గాలి విషయంలో ఎవరూ అనని మాట. "అయిపోయింది."

"పని అయిపోయిందని నమోదు చేశాను. ధన్యవాదాలు. దుమ్ము అణిగిన తర్వాత తలుపు తెరుచుకుంటుంది."

దుమ్ము అణిగిన తర్వాతే తెరుచుకుంది.

ఇప్పుడు ఆ మాట సంగతి రాస్తాను. మా అమ్మమ్మ పాత నేల మీద, అంటే భూమి మీద పుట్టింది. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే 'బియ్యం నిండుకున్నాయి' అనేది. వంటింట్లో లేవు అనకూడదు, అయిపోయాయి అనకూడదు. అంటే నిజంగానే లేకుండా పోతాయని భయం. ఆ మాట మూటాముల్లెతో పాటు ఇక్కడికి వచ్చింది. ఇక్కడ గాలి డబ్బా బియ్యం డబ్బా పక్కనే వేలాడుతుంది. కాబట్టి గాలి కూడా నిండుకోవడం మొదలుపెట్టింది. ఇక్కడ గాలి అయిపోయింది అంటే మనిషి అయిపోయాడని అర్థం. అందుకే బిడ్డలు మాటలు నేర్చినప్పటి నుంచీ 'అమ్మా, గాలి నిండుకుంది' అనే అంటారు. సూరిబాబు కూడా అలాగే నేర్చుకున్నాడు. పేటలో ఎవరిని అడిగినా చెప్తారు. చెవిని కొన్నవాళ్ళు, పరీక్షించి సరేనన్నవాళ్ళు, బిగించినవాళ్ళు కూడా ఇంటికెళ్ళి వంటింట్లో ఆ మాటే వింటారు. ఒక్కరికీ తోచలేదు.

భార్గవను నేను ఒకటే అడిగాను. ద్వారం దగ్గర మనిషిని ఎందుకు తీసేశారని. చట్టం ప్రకారం అక్కడ ఒకరు ఉండాలట, చెవిని ఒకరి కింద లెక్కేయవచ్చని కంపెనీ రాసిచ్చిందట, దాని మీద తనే సంతకం పెట్టాడట. ఇదంతా నేలచూపులు చూస్తూ చెప్పాడు. అప్పటిదాకా ముట్టని నీళ్ళ గ్లాసు తీసుకుని తాగేశాడు.

పద్దు 3
శుక్రవారం

ఎడమవైపు: కందిపప్పు, ఉప్పు, చింతపండు, గాలి డబ్బాలు. సూరిబాబు వాటా డబ్బా తగ్గించి ఇచ్చారు. అంత త్వరగా లెక్క సరిచేసుకున్నారు.

విచారణ నివేదిక వచ్చింది. కార్మికుడు గాలి గురించి తప్పుడు సమాచారం ఇచ్చినందువల్ల ప్రమాదం జరిగిందట. తప్పుడు సమాచారం. ఊపిరాడని మనిషి తన భాషలో తాను చెప్పుకున్న మాట తప్పుడు సమాచారం అయింది.

దాని వెనకే నివారణ చర్యలు కూడా వచ్చాయి. కర్మాగారం లోపల గోడల మీద పలకలు పెట్టారు: 'నిండుకుంది అనరాదు. అయిపోయింది అనవలెను.' దిగేవాళ్ళందరికీ శిక్షణ పెట్టారు. అందరినీ వరసగా నిలబెట్టి 'గాలి అయిపోయింది' అని గట్టిగా చెప్పించారట. మా ఆయన ఇంటికొచ్చి చెప్తూ ఆ మాట దగ్గర ఆగిపోయారు. అక్కడ అందరూ గొణిగారట. ఒకాయన చెప్పేసి, వెంటనే వెళ్ళి నోరు కడుక్కున్నాడట. శిక్షణ ఇచ్చేవాడు నవ్వి, మూఢనమ్మకాలు వదలండి అన్నాడట. ఆ శిక్షకుడి తల్లి మా వీధిలోనే ఉంటుంది. కిందటివారం బియ్యం నిండుకున్నాయని బదులు అడగడానికి మా ఇంటికే వచ్చింది.

చెవికే ఆ మాట నేర్పవచ్చు కదా అని మా ఆయన అడిగారట. చెవి పరీక్షలన్నీ పాసైందని, దాన్ని మారిస్తే మళ్ళీ మొదటి నుంచీ పరీక్షించాలని, దానికి టైము లేదని చెప్పారట. మనుషులను మార్చడానికి మాత్రం ఒక పూట చాలింది.

ఇళ్ళకు కూడా ఒక కాగితం పంచారు. వంటింటి భాష వల్ల కర్మాగారంలో ప్రమాదాలు జరుగుతున్నాయి కనుక గృహిణులు ఇంట్లో కూడా సరైన పదాలు వాడాలని అందులో ఉంది. పక్కింటి దానమ్మ పిన్ని దాన్ని చదివించుకుని, తిప్పి చూసి, పొయ్యి కింద పరుచుకుంది. ఆవిడ భర్త పీపాల పనిలోనే ఊపిరితిత్తులు పాడై పోయాడు. అప్పట్లో చెవులు లేవు. ముసుగులు కూడా సరిగ్గా ఉండేవి కావు.

"మీ బాబాయి పోయినప్పుడు పొగ తాగాడన్నారు. సూరిబాబుకేమో మాట రాదన్నారు," అంది దానమ్మ పిన్ని. "రేపు వీర్రాజుకి ఏం చెప్తారో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకో. పుస్తకం ఉందిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. ఆవిడ నిజమే చెప్పింది.

పద్దు 4
సోమవారం

నిన్న సూరిబాబు దినం చేశాం. ఈ రోజు ఎవరికి ఏ పనో రాసిన పలక పెట్టారు. వచ్చే గురువారం మూడో పీపాలో చిట్టెం గీకేది మా ఆయన.

అదే పీపా, అదే చెవి. తలుపు లోపలివైపు పారతో బాదిన సొట్టలు ఇంకా అలాగే ఉన్నాయట.

కుమారి, నేను, దానమ్మ పిన్ని మేనేజరును కలవడానికి వెళ్ళాం. కర్మాగారం గేటు లోపల చట్టం పలక ఉంది. చిన్నప్పటి నుంచి దాని పక్క నుంచే క్యారేజీలు మోసుకెళ్ళాను. ఎప్పుడూ చదవలేదు. జేగురు దుమ్ము పట్టి అక్షరాలు కనపడవు. కుమారి కొంగుతో తుడిచింది. అందులో ఇలా ఉంది: 'మూసిన పాత్రలో ఒకరు పని చేయునంతసేపు, వారి మాట విని తలుపు తీయగల వేరొకరు ద్వారము వద్ద ఉండవలెను.'

మేనేజరు చక్రపాణిగారు మమ్మల్ని కూర్చోమన్నారు. టీ తెప్పించారు. సూరిబాబు మంచి పనివాడని, కంపెనీ కుటుంబమే తన కుటుంబమని చెప్పారు. మా ఆయన దిగేముందు ద్వారం దగ్గర మనిషిని పెట్టమని నేను అడిగాను. ఇంకేమీ అడగలేదు. మనుషులు నిద్రపోతారని, కబుర్లలో పడతారని, చెవి కన్నార్పదని ఆయన అన్నారు. కన్ను లేనిది కన్నార్పడమేంటని దానమ్మ పిన్ని గొణిగింది.

ఇక్కడ జరిగింది రాయాలి. నేను లెక్కలు రాసేదాన్ని కనుక అలవాటుగా అడిగాను, మొత్తం చెవులు ఎన్ని అని. ఆయన కూడా అలవాటుగానే జవాబిచ్చారు. "పదకొండు వచ్చాయి."

అప్పటిదాకా నోరు విప్పని కుమారి నా వైపు తిరిగింది.

"విన్నావా అక్కా. పదకొండు వచ్చాయంట. పదకొండుమంది వచ్చారన్లేదు." తర్వాత ఆయన వైపు తిరిగింది. "పలక మీద వేరొకరు అని ఉందండీ. వేరొకటి అని లేదు. మీరే అన్నారు గదా, అది ఒకటి. ఒకరు కాదు. మా ఆయన ఎవరన్నా ఉన్నారా అని అరిస్తే ఉన్నానందండీ అది. అక్కడ ఎవరున్నారు?"

ఆయన సిగ్గుపడతారని నేననుకున్నాను. సిగ్గుపడలేదు. చిన్నగా నవ్వి, ఇది తెలుగు క్లాసు కాదమ్మా అన్నారు. చెవిని ఒకరి కింద లెక్కించవచ్చని పై ఆఫీసు ఎప్పుడో తేల్చిందట, దాని కాగితం ఉందట. కుమారి బాధ తనకు అర్థమవుతుందట. కానీ మూడో పీపా గీకకపోతే పేట మొత్తానికి గాలి తగ్గుతుంది, పిల్లలు చదివే బడికి కూడా. మా ఆయన దిగనంటే వేరేవాడిని పంపుతారు, మా ఇంటి గాలి కేటాయింపు మాత్రం ఆగుతుంది. ఇదంతా టీ చల్లారకముందే చెప్పేశారు.

బయటికి వచ్చాక కుమారి ఏడవలేదు. సరిగ్గా చెప్పాను కదక్కా అని మాత్రం అడిగింది. చెప్పావన్నాను. మరి ఎందుకు వినలేదు అంది. న్యాయం మన వైపు ఉండటం, తలుపు మన వైపు తెరుచుకోవడం ఒకటి కాదని ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

పద్దు 5
మంగళవారం

మా ఆయనతో గొడవ పడ్డాను. దిగొద్దన్నాను. దిగకపోతే ఇంటికి గాలి ఎక్కడి నుంచి వస్తుంది, నీ పుస్తకంలో ఎడమవైపు ఏం రాస్తావ్ అన్నారు. నేను ఆ మాట చెప్తాను, నేర్చుకున్నాను, భయపడకు అన్నారు. ఏదీ ఇప్పుడు చెప్పండి అన్నాను. వంటింట్లో, డబ్బా ఎదురుగా. ఆయన డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు. "అవసరమైతే అదే వస్తుందిలే," అన్నారు.

రాదు. ఈల వినిపించినప్పుడు నోటికి వచ్చేది శిక్షణలో నేర్చుకున్న మాట కాదు, అమ్మ నేర్పిన మాట. సూరిబాబు కూడా చావు పక్కకు వచ్చి కూర్చున్నాకే రెండో మాట అన్నాడు.

ద్వారాల చక్రాలకు ఇప్పుడు గొలుసు వేసి తాళం పెట్టారని కూడా ఆయనే చెప్పారు. చెవి చక్రంతో పనిలేకుండానే తలుపు తీస్తుందట, ఇంకెవరూ తీయకూడదట. దాన్ని క్షేమ తాళం అంటారట. క్షేమం.

సాయంత్రం భార్గవ ఉండే గదికి వెళ్ళాను. పని ఆపించమని అడిగాను. తనకు ఆపే అధికారం లేదన్నాడు. రాసి పంపితే పై ఆఫీసు ఉన్న పెద్ద పేట నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుందట. గొలుసు సంగతి చెప్తే అతని మొహం పాలిపోయింది. గొలుసు చట్టవిరుద్ధమట. "అది నేను చూడలేదండీ," అన్నాడు. చూశాక ఏం చేస్తారని అడిగాను. రాస్తానన్నాడు.

అందరూ రాసేవాళ్ళమే. నేనూ రాస్తున్నాను.

ఇంటికొచ్చాక చట్టం పలక మీది వాక్యం పుస్తకంలో ఎక్కించాను. పప్పులో రాళ్ళు ఏరుతూ దాన్నే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. వేరొకరు ద్వారము వద్ద ఉండవలెను. ఉద్యోగి ఉండవలెను అని లేదు. మగవాడు ఉండవలెను అని లేదు. కంపెనీ పెట్టవలెను అని కూడా లేదు. ఒకరు ఉండాలి. అంతే.

నేను ఒకరినే కదా.

కుమారికి చెప్పాను. ఆమె పైకి లేచి, అటక మీద నుంచి సూరిబాబు పనిముట్ల పెట్టె దింపింది. ఇనుప కడ్డీలు కత్తిరించే పొడవు పిడుల కత్తెర దుమ్ము తుడిచి, క్యారేజీ సంచిలో పెట్టింది. పైన పెట్టాల్సిన పెరుగన్నం గిన్నె కడిగి పక్కన ఉంచింది. ఆ తర్వాత ఇద్దరం పడుకున్నాం.

పద్దు 6
గురువారం

క్యారేజీలు ఇవ్వడానికి ఆడవాళ్ళను పీపాల దాకా రానిస్తారు. ఎప్పుడూ ఎవరూ సంచులు చూడరు. ఆడవాళ్ళ సంచుల్లో అన్నం తప్ప ఇంకేముంటుందనుకుంటారు.

కుమారి, నేను, దానమ్మ పిన్ని వెళ్ళేసరికి మా ఆయన అప్పటికే లోపల ఉన్నారు. తలుపు గాజు కన్నంలోంచి ఆయన దీపం కదులుతూ కనిపించింది. చక్రానికి గొలుసు ఉంది. పక్కన గోడ మీద చెవి ఉంది. ఇంతదాకా దాన్ని నేను చూడలేదు. రొట్టెల డబ్బా అంత ఉంది. అంత చిన్నది.

కాపలావాడు వచ్చి ఇక్కడ ఎవరూ ఉండకూడదన్నాడు. ఉండాలని గేటు దగ్గర రాసుంది, చదువుకుని రా అన్నాను. వాడు నిజంగానే చదవడానికి వెళ్ళాడో, మేనేజరు దగ్గరికి వెళ్ళాడో తెలియదు. వాడు తిరిగి వచ్చేలోపు భార్గవ వచ్చాడు. మమ్మల్ని చూశాడు, గొలుసు చూశాడు, కుమారి సంచిలోంచి తీస్తున్న కత్తెర చూశాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగి గోడ మీది పలక చదవడం మొదలుపెట్టాడు.

"నేను చూడలేదు," అన్నాడు.

"చూడకపోవడమే కదా బాబూ నీ ఉద్యోగం. బాగా చెయ్యి," అంది దానమ్మ పిన్ని.

కుమారి ఒక పిడి పట్టుకుంది, నేను రెండోది పట్టుకున్నాను. గొలుసు తెగి నేల మీద పడింది. ఆ చప్పుడుకు లోపలి దీపం ఒకసారి మా వైపు తిరిగింది. గాజు దగ్గర నా మొహం పెట్టాను. ఆయన చెయ్యి ఊపారు, వెళ్ళిపొమ్మన్నట్టు. నేను అక్కడే ఉన్నాను.

నిలబడి ఉండటం కష్టమైన పనే. ఇన్నాళ్ళూ ద్వారం మనిషి ఖాళీగా నిలబడతాడని అందరూ అనేవారు. ఖాళీగా నిలబడటం కాదది. ఇంకొకరి ఊపిరి లెక్కపెట్టడం. చెవి అడుగుతోంది, ఆయన పర్వాలేదంటున్నారు, మళ్ళీ గీకుడు. మాటగొట్టం బయటికి కూడా వినిపిస్తుంది. వినడానికి అక్కడ ఎవరూ లేకపోవడం వల్లే ఎవరికీ వినపడలేదు.

గీకుడు ఆగింది.

"గాలి ఎలా ఉంది?" అని చెవి అడిగింది.

"నిండుకుంది," అన్నారు మా ఆయన. వెంటనే తడబడ్డారు. "కాదు కాదు. అదే... అ..." అని ఆగిపోయారు. ఆ మాట నోట్లోనే ఉంది. బయటికి రాలేదు.

"సంతోషం. పని కొనసాగించండి," అంది చెవి.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఎంతటిదంటే, చక్రం నా చేతుల్లో ఎప్పుడు తిరగడం మొదలుపెట్టిందో గుర్తులేదు. బిగుసుకుపోయి ఉంది. కుమారి ఇటు, దానమ్మ పిన్ని అటు పట్టుకున్నారు. దుమ్ము అణిగేదాకా ఆగలేదు. తలుపు తెరుచుకోగానే జేగురు దుమ్మంతా మా మీదికి వచ్చింది. మా ఆయన ముందుకు తూలి గడప మీద మోకాళ్ళ మీద కూలబడి ముసుగు లాగేసుకున్నారు. ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు విన్నాను. పీల్చారు, వదిలారు, మళ్ళీ పీల్చారు.

కుమారి ఆయన వైపు చూడలేదు. తలుపు లోపలివైపు చూస్తోంది. అక్కడ పార దెబ్బల సొట్టలున్నాయి. వేళ్ళతో వాటిని తడిమింది.

"అనుమతి లేకుండా తలుపు తెరిచారు," అంది చెవి. "ఎవరు?"

"ముగ్గురం," అంది కుమారి.

"ముగ్గురం అనే పేరు నమోదులో లేదు."

దగ్గు మధ్యలో మా ఆయనకు నవ్వొచ్చింది. అచ్చం వాళ్ళ తమ్ముడి నవ్వు. కుమారి అప్పుడు ఏడ్చింది. సూరిబాబు పోయిన నాటి నుంచి మొదటిసారి.

పద్దు 7
శనివారం

ఎడమవైపు: ఉప్పు, నూనె. గాలి డబ్బాలు ఇంకా రాలేదు. మా కేటాయింపు విచారణలో ఉందట. దానమ్మ పిన్ని తన డబ్బా ఒకటి ఇచ్చింది. అది అప్పు అని రాసుకోబోతే, రాస్తే ఊరుకోనంది. అందుకని రాయడం లేదు.

కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. నా పేరున, కుమారి పేరున, పిన్ని పేరున. గొలుసు తెంచినందుకు అనుకున్నాం. కాదు. గొలుసు ప్రస్తావనే లేదు. గొలుసు ఉందని ఒప్పుకుంటే అది అక్కడ ఎందుకుందో చెప్పాలి. రక్షణ టోపీ, బూట్లు లేకుండా ప్రమాదకర ప్రాంతంలో నిలబడి కార్మిక క్షేమ చట్టాన్ని ఉల్లంఘించామట. మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. రెండోసారి చదివాక నవ్వాలో, కాగితం నమిలెయ్యాలో తెలియలేదు. సూరిబాబు కోసం ఒక్కసారి కూడా కదలని చట్టం మా తలకాయల కోసం పరిగెత్తుకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం భార్గవ వచ్చాడు. చంకలో మూడు పసుపు టోపీలున్నాయి. చేతిలో మూడు జతల బూట్లు. ఎవరి సైజు ఎంతో తెలియక అందాజుగా తెచ్చానన్నాడు. దానమ్మ పిన్నికి సరిపోలేదు. పాత గుడ్డలు కుక్కుకుంటానంది. తన నివేదిక పంపేశాడట. ద్వారం వద్ద ఎవరున్నారు అనే చోట ఏం రాశారని కుమారి అడిగింది. 'వేరొకరు' అని రాశానన్నాడు. పై ఆఫీసు ఏమంటుందో తెలియదన్నాడు. తన ఉద్యోగం ఏమవుతుందో కూడా తెలియదన్నాడు. ఈసారి నీళ్ళు ఇస్తే తాగలేదు.

అతన్ని నేను క్షమించలేదు. టోపీ మాత్రం తీసుకున్నాను.

నిన్న నాలుగో పీపా దగ్గర, ఈ రోజు ఏడో పీపా దగ్గర ఆ ఇళ్ళ ఆడవాళ్ళు క్యారేజీలతో వెళ్ళి ఇంటికి తిరిగి రాలేదు. పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. కాపలావాళ్ళు పలక చదువుకుని వస్తున్నారట, వచ్చి ఊరుకుంటున్నారట. మేనేజరుగారు చెవులను తీసేయలేదు. అవి అడుగుతూనే ఉన్నాయి, సంతోషిస్తూనే ఉన్నాయి. సోమవారం మూడో పీపా మళ్ళీ తెరుస్తారు. ఈసారి ద్వారం దగ్గర కుమారి ఉంటుంది. నేను అడగలేదు. తనే చెప్పింది. అక్కడ నేనుంటానక్కా, నాకు ఆ చక్రం తెలుసు అంది.

రాత్రి వంటకు కూర్చుంటే డబ్బాలో చేతికి గింజలు తగల్లేదు. గృహిణులకు పంచిన కాగితం ప్రకారం నేను ఇప్పుడు వేరే మాట రాయాలి.

బియ్యం నిండుకున్నాయి. తెచ్చుకోవాలి.